ఏ ఆకాశ వీధి?

మన పాటలకి పేర్లు పెట్టే అలవాటు లేదు. కవి రాస్తాడు, సంగీత దర్శకుడు బాణీ కడతాడు, సినిమాకి ఒక పేరు ఉంటుంది. పాటకి మాత్రం ఎవరూ పేరు పెట్టరు. పల్లవిలో మొదటి రెండు మాటలు ఏవైతే అవే దాని పేరు. రికార్డు మీద అవే, కాసెట్ అట్ట మీద అవే, బజార్లో అమ్మే పాటల పుస్తకంలోనూ అవే. అందుకని రెండు పాటలు ఒకే మాటతో ఎత్తుకున్నాయంటే రెండింటికీ ఒకే పేరు వచ్చి పడుతుంది. ఒకే వీధిలో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటే పోస్టాఫీసు వెంకటేశ్వర్లు, బియ్యంకొట్టు వెంకటేశ్వర్లు అని విడదీసి పిలుచుకున్నట్టే పాటకీ ఏదో ఒకటి తగిలించాలి. సినిమా పేరో, రాగమో, పాడినవాళ్ళ పేరో. అవేవీ గుర్తు రాకపోతే ఇంక ఒకటే దారి, పాడి చూపించడం.

ఒకే పేరున్న పాటలంటే నాకు ఇంత ఇష్టం కలగడానికి ఆ చివరి దారే కారణం. మద్రాసులో మా ఇంట్లో "ఏ పాట?" అని ఎవరైనా అడిగితే జవాబుగా ఎవరో ఒకరు గొంతు విప్పాల్సి వచ్చేది. పాడే అలవాటు బొత్తిగా లేనివాళ్ళు కూడా.

మాది సాలిగ్రామం. నాన్నది నెల్లూరు జిల్లా, అమ్మది తెనాలి. ఉద్యోగం కోసం మద్రాసు వచ్చిన నాన్న ఇక్కడే స్థిరపడిపోయారు. మేమున్నది నాలుగు వాటాల ఇల్లు. రెండు వాటాల్లో తెలుగువాళ్ళం, రెండు వాటాల్లో తమిళులు. ప్రసాద్ స్టూడియోకి నడిచి వెళ్ళొచ్చు. ఏవీఎం, వాహినీ కూడా దగ్గరే. నేను బడికి వెళ్ళే రోజులకి తెలుగు సినిమా షూటింగులు చాలావరకు హైదరాబాదు తరలిపోయాయి కానీ పాటల రికార్డింగులు ఇంకా ఇక్కడే జరిగేవి. పొద్దున్నే వయొలిన్ పెట్టెలు పట్టుకుని బస్సు దిగి గబగబా నడిచిపోయేవాళ్ళు మా వీధిలో కనిపించేవారు. వాళ్ళు ఆ రోజు ఏ పాటకి వాయించబోతున్నారో అని నేను గేటు దగ్గర నిలబడి ఊహించుకునేదాన్ని.

అమ్మకి పాటలంటే ప్రాణం. తెనాలిలో రేడియో సిలోన్ వింటూ పెరిగిన మనిషి. మీనాక్షి పొన్నుదురై పాటను పరిచయం చేసే తీరు ఇప్పటికీ అనుకరించి వినిపిస్తుంది. ఆ కాలపు రేడియోలో ఒక గొప్ప పద్ధతి ఉండేది. పాట వేసేముందు చిత్రం పేరు, రచన ఎవరిది, సంగీతం ఎవరిది, పాడింది ఎవరు, అన్నీ వరసగా చెప్పేవారు. రోజూ వినీ వినీ అమ్మకి అవన్నీ కంఠతా వచ్చేశాయి. ఒకే మొదలున్న పాటలు ఎన్ని ఉన్నా ఆవిడకి తికమక ఉండేది కాదు. నాన్న సంగతి వేరు. పాట వింటే తల ఊపేవారు, కళ్ళు మూసుకునేవారు, బాగుందనేవారు. ఎన్నడూ పాడేవారు కాదు. స్నానం చేస్తూ కూనిరాగం తీయడం కూడా నేను వినలేదు.

ఆ రోజుల్లో పాటలు రికార్డు చేసి ఇచ్చే కొట్లు ఉండేవి. ఖాళీ కాసెట్, పాటల జాబితా రాసిన కాగితం ఇచ్చి వస్తే వాళ్ళ దగ్గరున్న రికార్డుల నుంచి ఎక్కించి పెట్టేవారు. అరవై నిమిషాల కాసెట్ అయితే ఒక్కో వైపు అరగంట. ఏ పాట ఎటు వైపు రావాలో, చివర్లో రెండు నిమిషాలు మిగిలితే అందులో ఏం ఇరికించాలో అమ్మ ముందే లెక్కలు వేసేది. ఒక పెళ్ళిరోజుకి అమ్మ కోసం నాన్న అలా ఒక కాసెట్ చేయించాలనుకున్నారు. అమ్మకి చెప్పకుండా, ఆవిడ పనిలో ఉండి పాడుకునే పాటలన్నీ గుర్తు పెట్టుకుని ఒక జాబితా రాశారు. దానిలో మొదటి పాట 'ఆకాశ వీధిలో'.

వడపళనిలో ఒక కొట్టుకి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. కొట్టులో ఉన్నాయన తమిళుడే అయినా తెలుగు పాటలన్నీ ఆయనకి కొట్టినపిండి. కాగితం చూసి, "ఎంద ఆకాశ వీధి సార్? రెండు ఇరుక్కు" అన్నాడు. ఏ ఆకాశ వీధి, రెండు ఉన్నాయి కదా అని.

నిజంగానే రెండు ఉన్నాయి. 1951లో వచ్చిన 'మల్లీశ్వరి'లో ఒకటి. 1959లో వచ్చిన 'మాంగల్యబలం'లో ఒకటి. రెండింటిలోనూ ఘంటసాల గొంతు ఉంది, రెండూ యుగళగీతాలే, రెండూ జనం నోట నిలిచిపోయినవే. నాన్నకి సినిమా పేరు గుర్తు రాలేదు. "ఘంటసాల పాడింది" అన్నారు. కొట్టాయన రెండూ ఘంటసాలే సార్ అన్నాడు. "ఆడగొంతు కూడా ఉంటుంది" అన్నారు నాన్న. రెండింట్లోనూ ఉంటుంది. వెనక ఇంకో ఇద్దరు తమ తమ కాగితాలతో నిలబడి ఉన్నారు. నాన్న ఒక్క క్షణం ఆగి, కౌంటరు మీద చెయ్యి ఆనించి, 'ఆకాశ వీధిలో అందాల జాబిలి' అని పాడారు. ఆ ఒక్క వాక్యమే. గొంతు కొంచెం బొంగురుగా ఉన్నా బాణీ ఎక్కడా తప్పలేదు. "ఓ, మాంగల్యబలం" అని కొట్టాయన కాగితం మీద ఏదో గుర్తు వేసుకున్నాడు. మా నాన్న పాడగా నేను మొదటిసారి విన్నది అదే. ఇంటికి వస్తూ దారిలో ఆయన్ని ఏమీ అడగలేదు. ఆయన మళ్ళీ పాడరేమోనని భయం.

తర్వాత ఆ రెండు పాటల్నీ పక్కపక్కన పెట్టుకుని ఎన్నోసార్లు విన్నాను. పేరు ఒక్కటే కానీ రెండు పాటల మనసు వేరు. 'మల్లీశ్వరి' పాటలో విడిపోయిన మల్లి, నాగరాజు చెరోచోట నుంచి మబ్బుని పిలిచి, నువ్వు దేశదేశాలు తిరుగుతావు కదా, నా వాళ్ళ జాడ ఏమైనా తెలిసిందా అని అడుగుతారు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు సినిమాకి రాయడం ఆ చిత్రంతోనే మొదలు. బి.ఎన్.రెడ్డిగారు దర్శకులు, సాలూరి రాజేశ్వరరావుగారు సంగీతం. భానుమతిగారి గొంతులో ఆ ఆకాశం ఎంత పెద్దదో, అందులో ఆ మబ్బు ఎంత ఒంటరిదో తెలిసిపోతుంది. ఆ పాట వింటే నాకు ఇప్పటికీ మెడ ఎత్తి పైకి చూడాలనిపిస్తుంది. మాస్టర్ వేణుగారు కట్టిన 'మాంగల్యబలం' పాటలో ఆకాశ వీధి అంతా సందడిగా ఉంటుంది. చంద్రుడు తన తారను చేరి ఉయ్యాలలూగుతుంటాడు. ఘంటసాల, సుశీల ఆ ఉయ్యాల ఊపుని గొంతుల్లోనే తెచ్చారు. ఆ ఊపు అమ్మ పప్పు రుబ్బేటప్పుడు చెయ్యి తిరిగే లయకి సరిగ్గా సరిపోయేది. ఆవిడ ఆ సమయంలోనే ఆ పాట ఎందుకు పాడుకునేదో కాసెట్ విన్నాక అర్థమైంది.

అమ్మకి కాసెట్ ఇచ్చారు నాన్న. మొదటి పాట మొదలవగానే అమ్మ, "ఏవండీ, మల్లీశ్వరి పాట కాకుండా ఇదే కావాలని వాడికి ఎలా చెప్పారు?" అంది. నాన్న సమాధానం చెప్పలేదు. నేను చెప్పేశాను. అమ్మ నమ్మలేదు. ఆ సాయంత్రమంతా, "ఏదీ, ఒక్కసారి అనండి" అని ఆయన వెనకాలే తిరిగింది.

మా వాటాల ఇంట్లో దీనికి తిరగేసిన వింత కూడా ఉండేది. మాకు ఒకే పేరుతో రెండు పాటలుంటే, పక్క వాటా వాళ్ళకీ మాకూ కలిపి ఒకే బాణీకి రెండు పేర్లుండేవి. 'మిస్సమ్మ' 1955లో తెలుగులోనూ తమిళంలోనూ తీశారు కదా. మేం 'రావోయి చందమామ' అంటే వాళ్ళు 'వారాయో వెణ్ణిలావే' అనేవారు. రెండు భాషల్లోనూ పాడింది ఏ.ఎం.రాజా, పి.లీలే. వేసవి రాత్రులు కరెంటు పోయి అందరం మేడ మీద చాపలు వేసుకున్నప్పుడు, మా అమ్మ తెలుగులో ఒక వరస పాడితే పక్కింటి అక్క తమిళంలో తర్వాతి వరస అందుకునేది. ఎవరి పాట ముందు వచ్చిందన్న వాదం ఒక్కసారి కూడా రాలేదు. చందమామ అందరికీ ఒకటే కదా అని ఎవరూ పెద్ద మాట కూడా అనలేదు. పాడుకున్నారు, కరెంటు వచ్చింది, కిందికి దిగారు.

నాకు పదేళ్ళు రాగానే సంగీతం నేర్చుకోడానికి పంపారు. పాఠం చెప్పే తమిళావిడని మామీ అనేవాళ్ళం, ఆవిడ ఇల్లు మా వీధి చివరే. ఆవిడకి తెలుగు మాట్లాడడం రాదు, కానీ ఆవిడ నోట పలికే పాటల్లో నూటికి తొంభై తెలుగే. సాహిత్యం తమిళ అక్షరాల్లో రాసుకునేవారు. పాఠం అయ్యాక నన్ను కూర్చోబెట్టుకుని, "ఇదుక్కు అర్థం చొల్లు", దీనికి అర్థం చెప్పు అని అడిగేవారు. నాకు తెలిసినంత చెప్పేదాన్ని, తెలియనిది ఇంటికెళ్ళి అమ్మని అడిగి మర్నాడు చెప్పేదాన్ని. ఆ లెక్కన నేనూ ఆవిడకి కొంచెం పాఠం చెప్పినట్టే. ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

వర్ణాలు, అంటే కృతులకన్నా ముందు నేర్పే పాటలు, మొదలైనప్పుడు మోహన రాగంలో 'నిన్ను కోరి' నేర్పారు. రామనాథపురం శ్రీనివాస అయ్యంగారిది. పూచి అయ్యంగారంటారు కదా, ఆయనే. అరియకుడి రామానుజ అయ్యంగార్‌కి గురువు. కొన్నాళ్ళకి వసంత రాగంలో ఇంకో వర్ణం మొదలుపెట్టారు. అదీ 'నిన్ను కోరి'యే! అది తచ్చూరు సింగరాచార్యులుగారిది. ఆయన మద్రాసులోనే ఉన్న తెలుగువారు. అన్నదమ్ములు కలిసి 'గాయక పారిజాతం', 'గాయక లోచనం' వంటి సంగీత పుస్తకాలు తెలుగులో అచ్చు వేయించారు. ఆ సంగతి పెద్దయ్యాక తెలిసింది. మనం తిరిగిన ఊళ్ళోనే, ట్రాములైనా ఇంకా సరిగ్గా లేని కాలంలో, ఒక తెలుగాయన కూర్చుని ఈ స్వరాలన్నీ పేర్చి అచ్చుకి ఇచ్చాడన్న ఊహ నాకు చాలా బాగుంటుంది.

మామీ దగ్గర "ఇవాళ నిన్ను కోరి" అంటే పిల్లలం వెంటనే "మోహనమా, వసంతమా మామీ?" అని అడిగేవాళ్ళం. ఆవిడ మాటతో చెప్పేవారు కాదు. తంబూరా శ్రుతి సరిచూసుకుని మొదటి స్వరాలు అందుకునేవారు. అంతే, తెలిసిపోయేది.

1988లో మణిరత్నంగారి 'అగ్ని నట్చత్తిరం' వచ్చింది. తెలుగులో 'ఘర్షణ'. ఇళయరాజాగారు 'నిన్ను కోరి వర్ణం' అని గాయని చిత్ర చేత పాడించారు. రాగం కూడా మోహనమే. మా వీధిలో ఏ ఇంటి ముందు నుంచి వెళ్ళినా అదే పాట. ఆ వారం క్లాసులో "నిన్ను కోరి" అనగానే పిల్లలందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయారు. మామీ కోప్పడతారనుకున్నాం. ఆవిడ పుస్తకం మూసి, "ఆ పాట ఎవరికి వచ్చు?" అని అడిగారు. నేను పాడాను. మొత్తం విన్నారు. విని, ఆ పాటలో మోహనం ఎక్కడ వర్ణంలోలా నడిచింది, ఎక్కడ సినిమా కోసం విడిగా పరిగెత్తింది అన్నది స్వరాలతో పాడి చూపించారు. నేను హాజరైన సంగీత పాఠాలన్నిట్లోకీ నాకు బాగా తలకెక్కినది అదే.

'మరి మరి నిన్నే' విషయంలో మాత్రం ఆవిడకి కాస్త కష్టం కలిగింది. త్యాగరాజస్వామి కృతి అది, కాంభోజిలో పాడతారు. 1985లో బాలచందర్‌గారి 'సింధుభైరవి'లో ఇళయరాజాగారు అవే మాటల్ని సారమతిలో పెట్టారు. ఏసుదాస్ పాడుతుంటే, ఆ తర్వాత చిత్ర 'పాడరియేన్' అంటూ వచ్చి అందులోనే కలిసిపోతుంది. చిత్రకి మొదటి జాతీయ అవార్డు తెచ్చిన పాట అదే. మాటలు అవే, పేరూ అదే, రాగం మారిపోయింది. కాంభోజిలో ఎదిగిన చెవికి అది మింగుడుపడదని మామీ అనేవారు. అయినా ఆ క్యాసెట్ వాళ్ళింట్లో ఉండేది. వంటింట్లో చాలాసార్లు మోగేది కూడా.

డిసెంబరు కచ్చేరీలకి మామీ వెంట వెళ్ళడం మొదలయ్యాక ఈ ఒకే పేరు వ్యవహారం ఎంత పాతదో తెలిసింది. 'బ్రోచేవారెవరే' అంటే శ్రీరంజనిలో త్యాగరాజస్వామిది. 'బ్రోచేవారెవరురా' అంటే ఖమాస్‌లో మైసూరు వాసుదేవాచార్యులుగారిది. ఆ వాసుదేవాచార్యులుగారు చివరి రోజుల్లో ఇక్కడ అడయారులో, కళాక్షేత్రలోనే ఉన్నారు. 'నిను వినా' అని మొదలయ్యేవి అయితే చెప్పనే అక్కర్లేదు. శ్యామశాస్త్రిగారిది రీతిగౌళలో, సుబ్బరాయశాస్త్రిగారిది కల్యాణిలో, త్యాగయ్యది నవరసకన్నడలో. సభలో పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు పాట మొదలవకముందే, ఆలాపనలోనే రాగం పట్టేసి ఏ పాట రాబోతోందో గుసగుసగా పందెం వేసుకునేవారు. ఒకే పేరున్నా వాళ్ళకి ఇబ్బంది లేదు. రాగం పేరు పక్కనే ఉంటుంది. సినిమా పాటలకి కూడా ఎవరైనా ఇంత చక్కని ఏర్పాటు చేసి ఉంటే ఎంత బాగుండేదో అనుకునేదాన్ని.

అక్కడి నుంచి నా కాలేజీ రోజులు. నెల్లూరులో మా పెద్దమ్మ కూతురు, నాకన్నా రెండేళ్ళు పెద్దది. మా ఇద్దరికీ ఉత్తరాల్లో పాటలే మాట్లాడుకునే విషయం. మద్రాసు టీవీలో శుక్రవారం 'ఒళియుం ఒలియుం' వస్తే అన్నీ తమిళ పాటలే. కొత్త తెలుగు పాట ఏదొచ్చిందో నాకు అక్క రాయాల్సిందే. ఒక ఉత్తరంలో, "ప్రియతమా పాట విన్నావా? నాకు పిచ్చెక్కిపోతోంది" అని రాసింది. నేను 1989లో వచ్చిన 'ప్రేమ' సినిమాలోని 'ప్రియతమా నా హృదయమా' అనుకుని, అది పోయిన ఏడాదే విన్నాను కదా అని జవాబు రాశాను. దానికి అక్క కోపంగా, ఒక పేజీ నిండా 'ప్రియతమా నను పలకరించు ప్రణయమా' అంటూ పాట మొత్తం రాసి పంపింది. 1990 మే నెలలో, తుఫాను రోజుల్లో విడుదలైన 'జగదేకవీరుడు అతిలోకసుందరి' పాట అది. ఆ వానలోనే వెళ్ళి సినిమా చూసి వచ్చిందట. ఉత్తరంలో పాడడానికి లేదు కదా, అందుకని బాలు పాడే వరసలకి కింద ఒక గీత, జానకి పాడే వరసలకి రెండు గీతలు గీసింది. ఎక్కడ సాగదీయాలో అక్కడ అక్షరం పక్కన చుక్కలు పెట్టింది. ఆ చుక్కల్ని బట్టి నేను నాకు తోచిన బాణీలో పాడుకుంటూ తిరిగాను. కాసెట్ చేతికొచ్చాక విన్న బాణీ వేరు. నేను కట్టుకున్న బాణీ మీద కూడా నాకు ఇష్టం పోలేదు.

మరుసటి ఏడాది 'గుణ' వచ్చింది. అందులో పాట ఎత్తుగడ వేరేదైనా, మధ్యలో 'ప్రియతమా, నీవచట కుశలమా' అని వస్తుంది కదా. మూడేళ్ళలో మూడు ప్రియతమాలు, మూడింటికీ ఇళయరాజాగారే! మొదటిది తనలో తాను పాడుకుంటున్నట్టుగా ఉంటుంది. రెండోది ఇద్దరి మధ్య ఆటలా సాగుతుంది. మూడోది ఉత్తరం చదువుతున్నట్టు, మాటకీ పాటకీ మధ్య నడుస్తుంది. ఆ ఒక్క పిలుపునే ఒకే మనిషి మూడు రకాలుగా వినగలిగాడు. ఇది నాకు అప్పుడూ ఆశ్చర్యమే, ఇప్పుడూ ఆశ్చర్యమే. నేనూ అక్కా కలుసుకున్నప్పుడల్లా ఏది గొప్పదో అని వాదించుకునేవాళ్ళం. నా ఓటు మొదటిదానికే. ఇప్పటికీ మార్చుకోలేదు.

మా బాబాయికి మాత్రం ఇలాంటి గుంపు ఇంకొకటి ఉండేది. 1976లో 'జ్యోతి'లో 'సిరిమల్లె పువ్వల్లె నవ్వు', 1977లో 'పంతులమ్మ'లో 'సిరిమల్లె నీవే', 1978లో 'పదహారేళ్ళ వయసు'లో 'సిరిమల్లె పువ్వా'. ఏటా ఒక సిరిమల్లె. ఆయన పెళ్ళికి ముందు రోజులవి. ఎవరి కోసం పాడుకునేవారో మా పిన్నికి తెలుసు.

మా అమ్మాయి పుట్టి పెరిగే నాటికి కాసెట్లు పోయాయి. స్పెన్సర్ ప్లాజాలో మ్యూజిక్ వరల్డ్‌కి వెళ్ళి సీడీలు తిరగేసే రోజులు కూడా వచ్చి వెళ్ళిపోయాయి. 2019 చివర్లో ఇంట్లో ఎప్పుడు చూసినా 'సామజవరగమన' మోగేది. సంక్రాంతికి రాబోయే 'అల వైకుంఠపురములో' పాట. సిరివెన్నెలగారి రచన, తమన్ బాణీ, సిద్ శ్రీరామ్ గొంతు. మా అమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాడుతుంటే, వంటింట్లోంచి అమ్మ, "శంకరాభరణమా?" అని అడిగింది. హాల్లోంచి నేను, "కాదమ్మా, హిందోళంలో కాదు" అన్నాను. మా అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి, "ఇంకొకటి కూడా ఉందా?" అంది.

ఇంకొకటి కాదు, ఇంకా రెండు. హిందోళంలో త్యాగరాజస్వామి కృతి ఒకటి, దాన్ని పట్టుకుని వచ్చిన 'శంకరాభరణం' పాట ఒకటి. అమ్మ తన వంతుగా 'శంకరాభరణం' పాట ఎత్తుకుంది. 1980లో ఆ సినిమా ఈ ఊళ్ళో తెలుగులోనే ఆడింది. తమిళులు కూడా అలాగే చూశారు. మా పక్క వాటా వాళ్ళు మాతో కలిసి వచ్చి, అర్థం కాని మాట వచ్చినప్పుడల్లా అమ్మ భుజం తట్టి అడిగారట. త్యాగరాజస్వామి పల్లవిని ఆధారం చేసుకుని వేటూరిగారు తర్వాతి మాటలు అల్లారు. మహదేవన్‌గారు బాణీ కట్టగా, బాలు, జానకి పాడారు. అమ్మ అయ్యాక నేను మామీ నేర్పిన కృతి పాడాను. చాలా ఏళ్ళ తర్వాత గొంతు విప్పడం. చరణంలో ఊపిరి అందలేదు, అయినా ఆపలేదు. ఆఖర్న మా అమ్మాయి తన పాట పాడింది. త్యాగయ్య ఆ మాటతో కృష్ణుణ్ణి పిలిచాడు. సిరివెన్నెలగారి కుర్రవాడు ఆ మాటతో తను ప్రేమించిన పిల్లను పిలుస్తాడు. మూడూ ఒక్క సాయంత్రం, ఒక్క ఇంట్లో.

పాత కృతి పేరు తీసుకుని సినిమా పాట రాయడం అపచారమని బాధపడే పెద్దలు మా బంధువుల్లోనే ఉన్నారు. వాళ్ళ బాధ నాకు తెలుసు, గౌరవం కూడా ఉంది. కానీ నేను అలా అనుకోను. ఆ కొత్త పాట లేకపోతే మా అమ్మాయి "ఇంకొకటి కూడా ఉందా?" అని అడిగేదే కాదు. సిద్ శ్రీరామ్ మన డిసెంబరు సీజన్లో కచ్చేరీ చేస్తాడని తెలిసి, నన్ను వెంటబెట్టుకుని మొదటిసారి సభకి వచ్చింది కూడా ఆ పాట వల్లనే. కృతులు ఆ పిల్లకి ఆ తలుపులోంచి వచ్చాయి. ఏ తలుపైతేనేం, వచ్చాయి కదా.

నా ఫిర్యాదు పాటల మీద కాదు, ఫోన్ మీద. ఇప్పుడు ఏ యాప్‌లో 'సామజవరగమన' అని కొట్టినా పైన కొత్తదే వస్తుంది. 'ప్రియతమా' అంటే 2019 నాటి 'మజిలీ' పాట ముందుకొస్తుంది. చిన్మయి చాలా చక్కగా పాడింది, ఆ పాట నాకూ ఇష్టమే. కానీ పాతవి ఎంత కిందికి జరిపినా దొరకవు. దొరికినా పక్కన రాసినవాళ్ళ పేరుండదు. ఒక్కోచోట సంగీత దర్శకుడి పేరు కూడా ఉండదు. 'నిన్ను కోరి' అంటే 2017 సినిమా పాటలన్నీ వరసగా వస్తాయి, వసంత వర్ణం కోసం వెతికేవాడు ఓపిక నశించి వదిలేస్తాడు. అరవై ఏళ్ళ కిందటి రేడియోలో పాటకి ముందు నాలుగు వాక్యాల్లో చెప్పిన వివరం ఇన్ని కోట్ల పాటలు పెట్టుకున్న యాప్‌లో పెట్టలేరా? చిత్రం, రచన, సంగీతం, గానం. కృతి అయితే రాగం, తాళం, వాగ్గేయకారుడు. ఇంతే కదా. పాట రాసినవాడి పేరు పోతే పాటలో సగం పోయినట్టేనని మా అమ్మ అంటుంది. నాదీ అదే మాట.

అందుకని మా అమ్మాయి తన ఫోన్లో మా ఇంటి కోసం ఒక జాబితా మొదలుపెట్టింది. ఒకే పేరున్న పాటలు మాత్రమే అందులో ఉండాలి. ప్రతి పాట పక్కన ఏడాది, రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు ఉండాలి. వివరాలు అమ్మమ్మవి, టైపింగు మనవరాలిది. రాగాల విషయంలో నన్ను అడుగుతారు. నాన్నకి ఎనభై దాటాయి, వినికిడి కొంచెం తగ్గింది. అయినా రోజూ సాయంత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటారు, ఏదో ఒకటి తప్పని చెప్పడానికి.

మొన్న తగవు 'పాడుతా తీయగా' దగ్గర వచ్చింది. 1964లో 'మూగమనసులు'లో ఆత్రేయగారు రాసి ఘంటసాల పాడిన పాట ఒకటి. 1996లో ఈటీవీలో బాలుగారు మొదలుపెట్టిన కార్యక్రమం పేరూ అదే, కానీ అది కార్యక్రమం కాబట్టి జాబితాలోకి రాదని అమ్మ తీర్పు చెప్పింది. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. అప్పుడు మా అమ్మాయి, 2002లో 'వాసు'లో బాలుగారు పాడిన 'పాడనా తీయగా' పెడదామంది. నాన్న ఒప్పుకోలేదు. 'పాడుతా' వేరు, 'పాడనా' వేరు, ఒకటి పాడతానని చెప్పడం, ఇంకొకటి పాడమంటావా అని అడగడం, రెండూ ఒకే పేరు ఎలా అవుతాయని ఆయన వాదన. మరి 'బ్రోచేవారెవరే', 'బ్రోచేవారెవరురా' రెండూ ఎలా పెట్టారు తాతయ్యా అని ఆ పిల్ల నిలదీసింది. నాన్న నా వైపు చూశారు. నేను ఎటూ చెప్పలేదు. అలా అయితే 1976 నాటి 'అమెరికా అమ్మాయి'లో సుశీల పాడిన 'పాడనా తెనుగు పాట' కూడా పెట్టాల్సి వస్తుందని అమ్మ మధ్యలో అందుకుంది. అది పెడితే వద్దనేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. ప్రస్తుతానికి మూడింటినీ 'తేలనివి' అని ఒక వేరే పేజీలో పెట్టారు. దానికి ఎదురుగా మా అమ్మాయి రేపటి కోసం 'లాలి లాలి' అని రాసుకుంది. అవి ఎన్ని ఉన్నాయో లెక్క తీయమని అమ్మమ్మని అడిగితే, కాగితం పెద్దది తెచ్చుకోమంది.